పాత స్లాబు ఇంటి మీద ఒక గది వేయాలంటే: ముందు కింద చూడండి

దసరా దాటి పత్తి పైసలు, వడ్ల పైసలు చేతికి రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల, ఏ వైపు నుంచి వచ్చినా ప్రశ్న ఒకటే. "అన్నా, మా ఇంటి మీద ఒక్క రూమ్ వేస్తే ఆగుతదా?" దాంతోపాటు వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. ఖాళీ స్లాబు, ఒక మూల నల్ల ట్యాంకు, దండెం మీద బట్టలు. ఆ ఫొటో చూసి ఎవరూ జవాబు చెప్పలేరు. పైన కట్టేదానికి జవాబు కింద ఉంటుంది, గోడల్లో, పునాదిలో, హాలు పైకప్పు అడుగున.

అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ వరసగా రాస్తున్నా. ఇది ఒక్క అంతస్తు స్లాబు ఇంటి మీద 10×12 అడుగుల గది ఒకటి వేసుకునేవాళ్ల కోసం. పైన మొత్తం ఇల్లు లేపాలనుకుంటే దీంతో సరిపెట్టుకోకండి, డిజైన్ చేయించుకోవాల్సిందే.

మీ ఇల్లు ఏ రకం?

పిల్లర్లు, బీములు ఉండి, పిల్లర్ల సలాకలు పైకి వదిలి ఉంటే మీ పని సగం తేలిక. పిల్లర్లు లేకుండా 9 అంగుళాల ఇటుక గోడల మీద, సిమెంటు మాలుతో కట్టిన ఇల్లయితే గది వేయొచ్చు, కానీ కింద చెప్పే పరీక్షలన్నీ నెగ్గాలి.

మట్టి మాలుతో కట్టిన రాతి గోడల మీద తర్వాత స్లాబు వేసుకున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాటి మీద ఇంకో స్లాబు వద్దు. ఒకాయన నాతో గట్టిగా వాదించాడు. "సాగర్ డ్యాం రాయితో కట్టిందే కదా, అంత నీళ్లనే ఆపుతుంటే నా గోడ ఒక్క గదిని ఆపదా?" అని. నిజమే, 1955లో శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ రాతి కట్టడమే. తేడా రాయిలో లేదు, రాయికీ రాయికీ మధ్య పెట్టిన దాంట్లో ఉంది. మట్టి మాలు గోడలోకి ఒక్క వానాకాలం నీళ్లు దిగితే లోపలంతా మెత్తబడుతుంది. మీదీ అలాంటి ఇల్లే అయితే చివర్లో చెప్పిన రేకుల గది గురించి ఇంజనీరును అడగండి.

బండల కప్పు, మట్టి మిద్దె, పెంకుటిల్లు అయితే పైకి ఆలోచనే వద్దు. జాగా ఉంటే పక్కన కట్టుకోండి. పక్కన కట్టేటప్పుడు కొత్త గోడను పాత గోడకు అతికించొద్దు. కొత్త పునాది మొదటి రెండేళ్లలో కొంత దిగుతుంది, పాతది దిగదు. మధ్యలో అంగుళం సందు వదిలి, పైన రేకు పట్టీతో మూయించండి.

ముందు సమకూర్చుకోవాల్సినవి

- ఇల్లు కట్టినప్పటి ప్లాను, లేదా కట్టిన మేస్త్రీ జ్ఞాపకం. ఆయన బతికి ఉంటే చాయ్ తాగిస్తూ పునాది ఎంత లోతు, సలాకలు ఎంత మందం అని అడగండి.
- చిన్న సుత్తి, టేపు, రసమట్టం, వైరు బ్రష్, టార్చి లైటు.
- ఒకరోజు వచ్చి ఇల్లు చూసి, సలాకల డ్రాయింగ్ రాసి సంతకం పెట్టే సివిల్ ఇంజనీరు. ఆ ఫీజు మీకు స్లాబు ఖర్చులో చిల్లర.
- పనికొచ్చే నీళ్లు. ఇది ఎందుకు రాశానో ఆరో మెట్టులో తెలుస్తుంది.
- కింద ఇంట్లో జాకీలు (పైకప్పుకు ఆనించే ఇనుప పోట్లు) పెడితే రెండు వారాలు సర్దుకునే ఓపిక.

1. కింద చూడటం

దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. మంచాలు, బీరువాలు జరపండి.

హాల్లో, గదుల్లో పైకప్పు అడుగును స్టూలెక్కి అడుగడుగుకీ సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి స్లాబు 'టంగు'మంటుంది. లోపల సలాక తుప్పు పట్టి ఉబ్బిన చోట కుండ మీద కొట్టినట్టు డొల్ల చప్పుడు వస్తుంది. అక్కడ గుర్తు పెట్టండి. సలాకల వరసలోనే గోధుమ రంగు గీతలు కనబడుతున్నా, పెచ్చులు ఊడి సలాక బయటపడి ఉన్నా, పైన గది సంగతి తర్వాత, ముందు ఆ స్లాబును బాగుచేయించుకోవాలి. బాత్‌రూం పైన, ట్యాంకు కింద, సజ్జ మొదట్లో తప్పకుండా చూడండి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

తర్వాత గోడలు. గిలాబులో వెంట్రుకంత సన్నగా వలలాగా పాకిన పగుళ్లకు భయపడక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన పగులు, మెట్లు మెట్లుగా ఇటుకల సందుల్లో దిగిన పగులు, లోపలా బయటా ఒకే చోట కనిపించే పగులు, ఇవి పునాది కదిలిందని చెప్పే గుర్తులు. అలాంటిది ఉంటే దాని మీద అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిళ్ల పెట్టి తారీఖు రాయండి. వానాకాలం మొత్తం ఆగి చూడండి. బిళ్ల పగిలిందంటే ఇల్లు ఇంకా కదులుతోంది, దాని మీద బరువు పెట్టొద్దు.

ఇక పునాది. బయటి వైపు ఒక మూల దగ్గర రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుతో గుంత తీయించి పునాది అడుగు కనిపించేదాకా పోండి. ఒక్కటే గుంత, అది కూడా పునాది కిందికి పోకుండా. చూసి, కొలిచి, సాయంత్రంలోపు మట్టి పోసి దిమ్మిస చేయించండి. మూడు విషయాలు రాసుకోండి. పునాది ఎంత లోతుంది, అడుగున ఎంత వెడల్పుంది, కింద ఏముంది. 9 అంగుళాల గోడ కింద అడుగున రెండడుగుల వెడల్పు కూడా లేకపోతే అనుమానించాల్సిందే. గట్టి మొరం మీద కూర్చుంటే మంచిది. చెల్క నేలల్లో సాధారణంగా మొరం త్వరగానే తగులుతుంది. అలంపూర్, గద్వాల, కోదాడ వైపు నల్లరేగడిలో పునాది మొరం దాకా పోకుండా ఆగి ఉంటే పైన ఏమీ కట్టొద్దు. రేగడి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది, ఇల్లు దాంతోపాటే లేస్తూ దిగుతూ ఉంటుంది.

పిల్లర్ల ఇల్లయితే పైకి వదిలిన సలాకలను వైరు బ్రష్‌తో రుద్ది మందం కొలవండి. 16 ఎం.ఎం. సలాక తుప్పు తిని 15 అయితే చూడటానికి తేడా తెలియదు, కానీ ఇనుము 12 శాతం పోయినట్టు లెక్క. పదేళ్లు వానకు తడిసిన సలాకల మీద పాలిథీన్ కవర్లు, బీరు సీసాలు తొడిగి ఉంచుతారు మనవాళ్లు. సీసా తీసి చూడండి, లోపల ఏ స్థితిలో ఉందో.

2. బరువు లెక్క

ఒక్క గదే కదా అంటారు. లెక్క చూద్దాం. 10 అడుగుల ఎత్తు 9 అంగుళాల ఇటుక గోడ ఒక్క అడుగు పొడవుకు 400 కిలోలు తూగుతుంది. 5 అంగుళాల స్లాబు చదరపు అడుగుకు 29 కిలోలు. దర్వాజ, కిటికీలు తీసేసి లెక్కేస్తే 10×12 గది ఇలా వస్తుంది:

- 9 అంగుళాల ఇటుక గోడలు, పైన స్లాబు: సుమారు 21 టన్నులు
- 8 అంగుళాల ఏఏసీ బ్లాకులు (తేలిక బ్లాకులు), పైన స్లాబు: సుమారు 10 టన్నులు
- 6 అంగుళాల ఏఏసీ బ్లాకులు, పైన రేకులు: 5 టన్నుల లోపు

గిలాబు, టైల్స్, సామాను, మనుషులు దీనికి అదనం. 21 టన్నులంటే ఐకేపీ కేంద్రంలో తూకం వేసే 40 కిలోల వడ్ల బస్తాలు ఐదు వందలకు పైగా మీ నెత్తి మీద పేర్చినట్టు. అందుకే పాత ఇంటి మీద ఎర్ర ఇటుకతో 9 అంగుళాల గోడలు లేపుతానంటే నేను ఒప్పుకోను. పిల్లర్లుంటే గోడ కేవలం అడ్డే కాబట్టి 6 అంగుళాల ఏఏసీ చాలు. పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు కూర్చోవాలంటే 8 అంగుళాలది పెట్టండి. సిమెంటు సాలిడ్ బ్లాకు అగ్గువ అని తెచ్చి దింపుతారు, అది ఇటుక కన్నా బరువు.

వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను. దాన్ని కొత్త గది మీదికి ఎక్కించేటప్పుడు గోడలు కలిసే మూల మీద పెట్టండి. గది పక్కన మిద్దె తోట పెట్టాలని కూడా కొందరికి మోజు. అడుగు లోతు తడి మట్టి చదరపు అడుగుకు 45 నుంచి 50 కిలోలు, అంటే మీ స్లాబు బరువు కన్నా ఎక్కువ. తోట కావాలంటే కుండీలు పిట్టగోడ వెంబడి, కింద గోడ ఉన్న చోట వరసగా పెట్టుకోండి.

3. కాగితాలు, కరెంటు తీగలు

మున్సిపాలిటీలో ఉంటే 2020లో వచ్చిన తెలంగాణ ఇళ్ల అనుమతుల చట్టం (టీఎస్ బీపాస్) వర్తిస్తుంది. 75 గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు దాటకుండా పైన ఒక అంతస్తు వరకు ఆన్‌లైన్‌లో ఒక్క రూపాయితో రిజిస్ట్రేషన్ చాలు. అంతకన్నా పెద్ద స్థలమైతే అనుమతి తీసుకోవాలి. ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శిని కలవండి. బ్యాంకు లోను పెట్టేటప్పుడు ఈ కాగితం లేకనే ఆగిపోతారు.

ఇంటి మీదుగా, పక్కగా తీగలు పోతుంటే పని మొదలు పెట్టకముందే కరెంటు ఆఫీసుకు దరఖాస్తు ఇవ్వండి. 11 కేవీ తీగ కొత్త కప్పుకు పైన 3.7 మీటర్లు, పక్కకు 1.2 మీటర్లు దూరం ఉండాలి. ఇళ్లకిచ్చే మామూలు లైను పైన 2.5 మీటర్లు, పక్కకు 1.2 మీటర్లు. కింద నుంచి చూస్తే దూరంగానే కనిపిస్తుంది, పైన నిలబడి 40 అడుగుల సలాక తిప్పేవాడికి కాదు.

4. గది ఎక్కడ?

పై గోడ కింది గోడ మీదే రావాలి, లేదా బీము మీద. స్లాబు నడుమ గోడ లేపితే ఆ బరువంతా హాలు పైకప్పే మోయాలి. కింది గది 11×14 ఉండి, మీకు పైన 10×12 చాలనిపించినా 11×14 వేసుకోండి. ఆ అడుగు మిగిలించుకోవడం కోసం గోడను లోపలికి జరిపితే ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. బాత్‌రూం కింది బాత్‌రూం మీదే పెట్టండి. పైపులు నేరుగా దిగుతాయి, లీకయినా పడకగది మీద పడదు.

ముందు గీత గీయించి, కింద ఎవరినైనా గోడ తట్టమని, పైన చెవి పెట్టి వినండి. నవ్వులాటగా ఉంటుంది గానీ గీత గోడ మీద ఉందా పక్కకు ఉందా అన్నది అరగంటలో తేలుతుంది.

5. పాత స్లాబును సిద్ధం చేయడం

ఇక్కడ నా సొంత కథ చెప్పాలి. మా ఊళ్లో మా ఇంటి మీదే గది వేసినప్పుడు నాకు మూడేళ్ల అనుభవం, ముప్పై ఏళ్ల ధీమా. పాత స్లాబు మీద సున్నం, ఇటుక ముక్కలు కలిపి వేసిన పొర ఉండేది. గట్టిగానే ఉందిలే అని దాని మీదనే గోడ లేపించాను. రెండు వానాకాలాలు గడిచాక దేవుని గది పైకప్పు నల్లబడింది. బయట పడ్డ వాన ఆ సున్నం పొరలోకి దిగి, గోడ కింద నుంచి లోపలికి పాకి, ఎక్కడో కారుతోంది. గోడ అడుగు వరసను మూరెడు మూరెడు చొప్పున విప్పి మళ్లీ కట్టించాల్సి వచ్చింది. మా అమ్మ ఇప్పటికీ ఆ మరక చూపించి "ఇంజనీరు" అంటుంది.

కాబట్టి గోడ వచ్చే చోట, దానికి అటూ ఇటూ అడుగు దాకా, పాత పొర మొత్తం తీసి అసలు స్లాబు కాంక్రీటు బయటపెట్టండి. పెద్ద బ్రేకర్ మిషన్ వద్దు, చేతి సుత్తి, చాణంతో తీయించండి. నున్నగా ఉన్న కాంక్రీటును గాట్లు పెట్టించి, కడిగి, సిమెంటు పాలు పూసి, అవి ఆరకముందే మొదటి వరస వేయించండి.

సలాకలు కలపడంలో:

- వదిలిన సలాకలు వంగి ఉంటే పైపు తొడిగి మెల్లగా నిలబెట్టండి. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచొద్దు, దాని బలం పోతుంది.
- జోడింపు 12 ఎం.ఎం.కు రెండుంపావు అడుగులు, 16 ఎం.ఎం.కు మూడడుగులు ఉండాలి. "ఒక అడుగు చాలు సార్" అనే మాట వినొద్దు. అన్ని సలాకల జోడింపూ ఒకే ఎత్తులో రాకుండా చూడండి.
- సలాకలే వదలకపోతే డ్రిల్లు చేసి కెమికల్‌తో నాటాలి. 12 ఎం.ఎం. సలాకకు 16 ఎం.ఎం. చిల్లు, కనీసం 6 అంగుళాల లోతు, పిల్లర్ లేదా బీము ఉన్న చోట మాత్రమే. చిల్లులో దుమ్ము ఉంటే కెమికల్ దుమ్మును పట్టుకుంటుంది, కాంక్రీటును పట్టుకోదు. బ్రష్ తిప్పి గాలి కొట్టి, మళ్లీ బ్రష్ తిప్పి గాలి కొట్టాలి. మర్నాడు సలాకను చేత్తో పట్టి ఊపండి, ఏమాత్రం కదిలినా అది లెక్కలోకి రాదు. ఎన్ని, ఎక్కడ అన్నది ఇంజనీరు చెప్పాలి.

6. నీళ్లు, ఇసుక

నల్లగొండ వైపు నుంచి వచ్చే ప్రశ్న ఇది. "మా బోరులో ఫ్లోరైడ్ ఉంది, స్లాబుకు పనికొస్తదా?" ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను తింటుంది, స్లాబును కాదు. స్లాబుకు శత్రువు ఉప్పు, క్లోరైడ్. అది సలాకకు తుప్పు పట్టిస్తుంది. సలాకలున్న కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటొద్దని కాంక్రీటు పనులకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలే బోరు నీళ్లను స్లాబుకు, పిల్లర్లకు వాడొద్దు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు నాలుగు రోజులు డ్రమ్ముల్లో పట్టి పెట్టుకోండి, లేదా మంచినీళ్ల ట్యాంకరు తెప్పించండి. ఉప్పు నీళ్లతో గోడ కట్టినా, గిలాబు చేసినా రంగు వేసిన ఆర్నెల్లకే తెల్లగా పూత తేలి పెచ్చులు లేస్తాయి.

ఇసుకను బాటిల్‌తో పరీక్షించండి. ఖాళీ నీళ్ల బాటిల్‌లో సగం ఇసుక, పైన నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి మూడు గంటలు కదపకుండా పెట్టండి. అడుగున ఇసుక, పైన మట్టి పొర విడిగా కనిపిస్తాయి. ఇసుక 10 సెంటీమీటర్లుంటే మట్టి పొర 8 మిల్లీమీటర్లు దాటకూడదు. వాగు ఇసుకలో ఇది తరచూ దాటుతుంది. దాటితే ఆ ఇసుక కడిగించండి, లేదా రోబో శాండ్ (రాయిని పొడి చేసి తీసే ఇసుక) తెప్పించండి.

7. గోడలు

ఎర్ర ఇటుకను వాడే ముందు నీళ్లలో నానబెడతాం. ఏఏసీ బ్లాకును నానబెట్టొద్దు, పైన కొంచెం తడిపితే చాలు. మన సుతారి మేస్త్రీలు అలవాటులో దాన్ని కూడా తొట్టిలో వేస్తారు, చూస్తూ ఉండండి. దానికి పలచని జిగురు మాలు సంచుల్లో దొరుకుతుంది, ఇసుక సిమెంటు మాలును రెండంగుళాల మందం పెట్టనివ్వద్దు. రోజుకు నాలుగున్నర అడుగులకు మించి లేపనివ్వద్దు. కిటికీల పైన లింటల్‌ను ముక్కలుగా కాకుండా నాలుగు గోడల మీదుగా చుట్టూ పట్టీలా పోయించండి. పిల్లర్లు లేని గదిని కట్టి ఉంచేది ఆ పట్టీనే.

8. సెంట్రింగ్, స్లాబు రోజు

చాలామందికి తట్టని విషయం ఒకటుంది. కొత్త స్లాబు ఆరేదాకా దాని బరువు ఎవరు మోస్తారు? జాకీలు. జాకీలు ఎక్కడ నిలబడ్డాయి? మీ పాత స్లాబు నడుమ. గోడ మీద పడాల్సిన నాలుగున్నర టన్నులు రెండు వారాలు హాలు పైకప్పు మీదే ఉంటాయి. అందుకే పైన జాకీ ఉన్న చోటికి సూటిగా కింద ఇంట్లో కూడా జాకీ పెట్టాలి, పైనా కిందా పలక వేసి. మిర్యాలగూడ వైపు ఒక కాంట్రాక్టరు, పేరెందుకు గానీ, "ఇంట్లో వాళ్లకు ఇబ్బంది" అని కింద పెట్టలేదు. గది బాగానే వచ్చింది. హాలు పైకప్పు నడుమ మాత్రం ఈ గోడ నుంచి ఆ గోడకు గీత గీసినట్టు పగిలింది.

సలాకలు కట్టాక, కాంక్రీటు పోయకముందు ఇవి చూడండి:

- సెంట్రింగ్ రేకుకు, సలాకకు మధ్య 20 ఎం.ఎం. సందు. కవర్ బిళ్లలు కావాలి, కంకర రాళ్లు కాదు.
- సలాకల దూరం డ్రాయింగ్ ప్రకారం. ఇంత చిన్న గదికి మామూలుగా 8 ఎం.ఎం. 6 అంగుళాలకొకటి రాస్తారు, మీ డ్రాయింగ్‌లో ఏముంటే అదే.
- సలాక బరువు. 12 మీటర్ల 8 ఎం.ఎం. సలాక 4.7 కిలోలు, 10 ఎం.ఎం. 7.4 కిలోలు తూగాలి. మూడు కలిపి తూయండి. బాగా తక్కువొస్తే వెనక్కి పంపండి.
- ఫ్యాను హుక్కు, కరెంటు పైపులు. వీటిని మరిచి తర్వాత స్లాబు కొట్టించేవాళ్లను ఏటా చూస్తున్నా.

10×12 గదికి గోడల మీది భాగం కూడా కలిపి 155 చదరపు అడుగుల స్లాబుకు, 5 అంగుళాల మందానికి, ఎం20 కాంక్రీటు అంటే 1 : 1½ : 3 పాళ్లలో దాదాపు 15 బస్తాల సిమెంటు, 27 ఘనపుటడుగుల ఇసుక, 54 ఘనపుటడుగుల కంకర పడతాయి. రెండు బస్తాలు ఎక్కువ తెప్పించుకోండి.

ఇక మిక్సరు దగ్గర. స్లాబు రోజు ఇంటాయన మటన్, టెంటు చూసుకుంటూ ఉంటాడు. ఆ రోజు ఆయన ఉండాల్సింది మిక్సరు పక్కన. ఆపరేటరు ఎడమ చేత్తో నీళ్ల పైపు పట్టుకుని, కుడి చేత్తో ఫోను మాట్లాడుతుంటాడు. కాంక్రీటు పలచగా ఉంటే తట్టలు ఎత్తేవాళ్లకు సుఖం, జారుతుంది, చప్పున పని అయిపోతుంది. ఎక్కువ పోసిన నీళ్లు ఆరిపోయాక వాటి స్థానంలో సన్నని సందులు మిగులుతాయి, వాన దిగేది అందులోంచే. నేను పైపు తీసేసి బకెట్ పెడతాను. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు, మహా అంటే 27. ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. పిడికెడు కాంక్రీటు తీసుకుని నొక్కండి. ముద్దలా నిలిచి, అరచెయ్యి తడి అయితే సరి. వేళ్ల సందుల్లోంచి పాలు కారితే ఆపండి.

వైబ్రేటరు తప్పనిసరి. కట్టెతో పొడిస్తే సరిపోతుందని చెప్పినా వినకండి. మూలల్లో, బీముల్లో సూదిని నిలువుగా దింపి, బుడగలు ఆగగానే మెల్లగా పైకి తీయాలి.

వాన కాలంలో పోస్తే టార్పాలిన్ పక్కనే ఉండాలి. రోహిణి కార్తెలో తప్పనిసరై పోస్తే తెల్లారగట్ల మొదలుపెట్టి పదింటికల్లా ముగించండి.

9. నీళ్లు కట్టడం, జాకీలు విప్పడం

మర్నాడు పొద్దున్నే స్లాబు మీద మాలుతో మడులు కట్టి రెండంగుళాల నీళ్లు నిలపండి, పది రోజులు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో చల్లి వదిలేస్తే మన ఎండల్లో మధ్యాహ్నానికి ఆరిపోయి సన్న పగుళ్లు పట్టేస్తాయి. పిల్లర్లకు గోనె సంచులు చుట్టి తడుపుతూ ఉండండి.

15 అడుగుల లోపు స్లాబుకు 7 రోజులకు, బీములకు 14 రోజులకు జాకీలు తీయొచ్చని లెక్క. ఇప్పుడొచ్చే సిమెంటు చాలావరకు పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు), మొదట్లో మెల్లగా గట్టిపడుతుంది. అందుకే నేను 14 రోజులకు ముందు దేన్నీ ముట్టనివ్వను. సెంట్రింగ్ వాళ్లకు ఇంకో చోట పని ఉంటుంది, ఎనిమిదో రోజే వచ్చి తలుపు కొడతారు. కిరాయి రోజులు ముందే మాట్లాడుకోండి. విప్పేటప్పుడు పై జాకీలు ముందు, గది నడుమ నుంచి గోడల వైపుకు. అవి పూర్తయ్యాకే కింద ఇంట్లోవి.

10. పాతకూ కొత్తకూ మధ్య

గది కట్టాక కారిందని ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమందికి కారేది కొత్త స్లాబు కాదు, కొత్త గోడ పాత స్లాబును కలిసే మూల. బయటి వైపు ఆ మూల వెంట అర్ధ గుండ్రంగా, జానెడు ఎత్తు దాకా మాలుతో వాలు కట్టించి, వాటర్‌ప్రూఫ్ రసాయనం రెండు పూతలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి వేయించండి. దర్వాజ కడప బయటి స్లాబు కన్నా కనీసం నాలుగంగుళాలు ఎత్తుండాలి. గది వచ్చాక పాత స్లాబు నీళ్లు పోయే దారి మారుతుంది. పాత తూము గది వెనక ఉండిపోతే కొత్త తూము తీయండి. వంద అడుగులకు అడుగు చొప్పున వాలు చాలు.

బ్లాకు పిల్లరును కలిసే చోట, గోడ బీము అడుగును తాకే చోట గిలాబుకు ముందు ఆరంగుళాల వెడల్పు కోళ్ల జాలీని మేకులతో కొట్టించండి.

బయటి నుంచి మెట్లు కడితే మెట్ల పునాది కూడా మొరం దాకా పోవాలి. సిమెంటు గచ్చు మీదనే మెట్లు మొదలు పెడితే ఏడాదిలో ఇంటి నుంచి విడిపోతాయి.

స్లాబు వద్దనుకుంటే: రేకుల గది

బడ్జెట్ తక్కువైనా, కింది గోడల మీద నమ్మకం తక్కువైనా ఇదే మేలు. కానీ ఎండాకాలం గాలి దుమారం ఎలా ఉంటుందో పాలమూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇనుప పైపులను గోడలో పాతిన ప్లేట్లకు బోల్టులతో బిగించండి, పైన రాళ్లు పెట్టి వదిలేయొద్దు. జె-బోల్టు రేకు మిట్ట మీద రావాలి, పల్లంలో కొడితే ఆ చిల్లులోంచే కారుతుంది. చివర రేకు మీద రేకు ఆరంగుళాలు ఎక్కాలి. వేడికి లోపల సీలింగ్ వేయించి, రేకుకూ సీలింగుకూ మధ్య గాలి ఆడేలా రెండు వైపులా జాలీ వదలండి.

బాగా వచ్చిందా లేదా, ఇలా చూసుకోండి

సెంట్రింగ్ విప్పిన రోజు స్లాబు అడుగు చూడండి. కంకర బయటపడి తేనెతుట్టెలా కనిపించే చోట వైబ్రేటరు తగల్లేదు. చిన్నదైతే వదులుగా ఉన్నది గీకి కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపించండి. సలాక కనబడుతుంటే ఇంజనీరు చూడకుండా గిలాబు చేయనివ్వద్దు, మేస్త్రీ అదే రోజు మూసేయాలని తొందరపడతాడు.

గోడ నిలువును గుండు వేలాడదీసి చూడండి, పది అడుగులకు అర అంగుళం దాటి తేడా వస్తే అడగండి. మూల నుంచి మూలకు టేపు పట్టండి, రెండు కర్ణాలు సమానంగా ఉండాలి. 10×12 గదికి 15 అడుగుల 7½ అంగుళాలు.

కొత్త స్లాబు మీద, పాత స్లాబు మీద తూములు మూసి అంగుళంన్నర నీళ్లు 48 గంటలు నిలపండి. గోడ మూల మీద పెన్సిల్‌తో నీటి మట్టం గీత పెట్టి, కింద పైకప్పుకు పొడి చెయ్యి ఆనించి చూడండి. రంగులు వేయక ముందే ఇది చేయాలి, తర్వాత చేస్తే రెండు ఖర్చులు.

చివరిది కింద హాల్లో. పని మొదలు పెట్టకముందు హాలు పైకప్పుకు, నాలుగు గోడలకు ఫొటోలు తీసి పెట్టుకోండి. గది పూర్తయిన నెలకు, మొదటి వానాకాలం దాటాక, ఏడాదికి అవే చోట్ల నిలబడి మళ్లీ తీయండి. కొత్తగా వచ్చిన పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి తారీఖు వేయండి. గీత దాటి పగులు పాకిందంటే ఆ గదిలో బియ్యం బస్తాలు, ట్యాంకు ఉంటే ముందు అవి దింపించి, అప్పుడు ఇంజనీరుకు ఫోన్ చేయండి.